టీవీ తోటల మీద రెండు మాటలు: పాలమూరు, నల్గొండల్లో ఈ తగువు ఎక్కడ మొదలైంది

టీవీలో వచ్చే సాగు, తోటపని కార్యక్రమాల గురించి మిర్యాలగూడలోనో వనపర్తిలోనో మాట కదిపితే ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. బత్తాయి తోట ఉన్న మామకు, శాస్త్రవేత్తను పక్కన కూర్చోబెట్టుకుని మందు మోతాదు రెండుసార్లు చెప్పించే పాత తరహా వ్యాఖ్యాత కావాలి. డాబా మీద కుండీలు పెట్టుకున్న కోడలికి, చేతికి మట్టి అంటించుకుని నారు నాటి చూపించే యాంకర్ నచ్చుతుంది. ఒకరు మెచ్చింది ఇంకొకరికి విసుగు. పైకి చూస్తే ఇవి మనుషుల మీద, గొంతుల మీద ఇష్టాయిష్టాలు. కానీ అసలు పేచీ వేరే ఉంది. తెర మీది తోట ఏ నేలలో ఉంది, దానికి ఏ నీళ్లు పోస్తున్నారు, ఏ నెలలో చిత్రీకరించారు అనేది చాలా కార్యక్రమాలు చెప్పవు. చూసేవాళ్లు తమ నేలలో, తమ నీళ్లతో అదే పని చేస్తారు. కొందరికి ఫలిస్తుంది, కొందరికి ఎండిపోతుంది. ఫలించినవాళ్లు యాంకర్‌ను మెచ్చుకుంటారు, ఎండిపోయినవాళ్లు తిడతారు.

ఈ తగువుకు యాభై ఏళ్లున్నాయి, మొదలైంది పాలమూరులోనే.

రైతుల కోసం ‘కృషి దర్శన్’ 1967 జనవరి 26న ఢిల్లీ కేంద్రం నుంచి, చుట్టుపక్కల 80 ఊళ్ల కోసం మొదలైంది. అప్పటికి మన పల్లెల్లో రేడియోనే దిక్కు. ఆకాశవాణి 1966 నుంచి వ్యవసాయ, గృహ విభాగాలు పెట్టి పంటల ముచ్చట్లు చెబుతోంది. పాలమూరు పల్లెలకు టీవీ 1975 ఆగస్టు 1న వచ్చింది. ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన ‘సైట్’ ప్రయోగమది. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు నేరుగా ప్రసారం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే జాలీతో చేసిన పదడుగుల గిన్నె యాంటెన్నా, హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసిన సెట్టు ఊరికొకటి వచ్చాయి. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సాగు, ఆరోగ్యం. 1976 జూలై 31తో ఏడాది గడువు తీరింది, ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి జరుపుకుంది.

ఆ ఒక్క ఏడాదిలోనే తర్వాతి గొడవలన్నిటికీ విత్తనం పడింది. ఉపగ్రహంలో ఒక బొమ్మకు రెండు భాషల మాట జోడించే వీలుంది. మాట తెలుగులో వినిపించినంత మాత్రాన తెర మీది చేను మన చేను కాదు. సాయంత్రం ప్రసారంలో అరగంట అన్ని రాష్ట్రాలకూ ఉమ్మడిగా హిందీలో సాగేది, అది పల్లె జనానికి అందలేదు. అయితే ఒక మేలు జరిగింది. ఊరంతా ఒకే సెట్టు ముందు కూర్చునేది కాబట్టి, అనుమానం వస్తే తీర్చుకోవడానికి పక్కనే నలుగురుండేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ సౌకర్యం పోయింది. అప్పటి నుంచి చెప్పే మనిషి మీదే మొత్తం భారం పడింది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. అక్కడ కుదిరిన పద్ధతి అందరికీ తెలిసిందే: ఒక బల్ల, రెండు కుర్చీలు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన శాస్త్రవేత్త, ప్రశ్నలడిగే వ్యాఖ్యాత. చూడటానికి చప్పగా ఉంటుందన్న మాట నిజం. కానీ ఆ మాటల్లో ఎకరాకు ఎంత, లీటరుకు ఎంత, ఎన్ని రోజుల ఎడం అన్నవి తప్పకుండా ఉండేవి. పెద్దవాళ్లు నేటికీ ఆ పద్ధతినే మెచ్చుకోవడానికి కారణం పాతకాలం మీద మమకారం ఒక్కటే కాదు. రాసుకోవడానికి వీలైన సంగతి దొరికేది.

1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. 1969 నుంచి పత్రికగా నడుస్తున్న ‘అన్నదాత’ పేరుతోనే సాగు కార్యక్రమం కూడా మొదలైంది. కెమెరా పొలానికి వెళ్లింది, రైతే తెర మీదికొచ్చాడు. ఇది పెద్ద మార్పు. తర్వాత వచ్చిన చాలా చానళ్లు తెల్లవారుజామున అదే తీరులో ఒక అరగంట కేటాయించాయి. రైతు నోట లాభం లెక్క వింటే నమ్మకం కలుగుతుంది. కానీ ఆ రైతు ఏ జిల్లావాడో, ఆయన నేల ఏ తీరుదో పట్టించుకోకుండా లెక్క ఒక్కటే తీసుకుంటే చిక్కు వస్తుంది.

ముందు కొలతలు చూద్దాం. కోస్తా వైపు భూమిని సెంట్లలో చెబుతారు, మన వైపు గుంటల్లో. ఎకరాకు 100 సెంట్లు, 40 గుంటలు. అంటే గుంటకు రెండున్నర సెంట్లు, 121 చదరపు గజాలు. ఎకరా వరి నాటడానికి 5 సెంట్ల నారుమడి చాలని తెర మీద చెబితే, నల్గొండ లెక్కలో అది 2 గుంటలు. 5 గుంటలని పొరబడి మడి కడితే అయిదు సెంట్లకు చెప్పిన ఎరువు రెండున్నర రెట్ల నేలకు పలచబడుతుంది. నారు పాలిపోయి ఎదగదు. విత్తనాన్నో, చెప్పినవాళ్లనో తప్పుపట్టడం అక్కడ మొదలవుతుంది. యాంకర్ ఒక్క ముక్క, ‘రెండు గుంటలు’ అని కలిపి చెబితే తీరిపోయే సంగతి ఇది.

బత్తాయి విషయంలో నష్టం ఇంకా పెద్దది. పూత రావడానికి ముందు చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు వదలడం తెలిసిన పద్ధతే. ఎన్నాళ్లు ఆపాలన్నది నేలను బట్టి ఉంటుంది. బరువైన నల్లరేగడిలో తేమ లోపల నిలుస్తుంది కాబట్టి 45 నుంచి 60 రోజులు ఆపినా చెట్టు తట్టుకుంటుంది. నల్గొండ, దేవరకొండ వైపు ఎర్ర చల్క నేలల్లో మట్టి పలచన, కింద రాయి లేదా మొరం. అక్కడ మూడు, నాలుగు వారాలే ఎక్కువ. ఆకులు వడలి ముడుచుకుని, కొన్ని రాలడం మొదలవగానే నీళ్లు వదలాలి. అదీ ఒక్కసారిగా కాదు, మొదటి తడి తేలికగా, నాలుగైదు రోజుల తర్వాత రెండోది నిండుగా. నల్లరేగడి తోట చూపించి ‘రెండు నెలలు నీళ్లాపండి’ అని చెప్పిన ఎపిసోడ్ చల్క రైతు యథాతథంగా పాటిస్తే కొమ్మలు పైనుంచి ఎండుకొస్తాయి. అందులోనూ ఇక్కడ వేసవిలో బోర్లు ఎత్తిపోతాయి. నీళ్లు మళ్లీ వదలాల్సిన రోజున మోటారులో నీళ్లుండవు.

మిద్దెతోటల కాలం వచ్చాక ఈ అభిప్రాయభేదం రైతు ఇళ్ల నుంచి పట్నం ఇళ్లకు పాకింది. హైదరాబాద్‌లో ఉద్యాన శాఖ సిల్పాలిన్ (గట్టి ప్లాస్టిక్ పట్టా) మడులు సబ్సిడీపై ఇవ్వడం, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు డాబా మీద ఏడాది పొడవునా కూరగాయలు పండించి చూపడం చాలామందికి ఊపునిచ్చింది. చానళ్లకూ అది అనువైన సరుకు: పచ్చదనం, దగ్గరలోనే చిత్రీకరణ, మాట్లాడే గృహిణులు. తోట యజమానిని పలకరించి, ఒక్కో కుండీ దగ్గర ఆగి ‘ఎంత బాగా కాసిందో’ అని మెచ్చుకునే యాంకర్లు వచ్చారు. వాళ్లను చూసే తోట మొదలుపెట్టినవాళ్లు వేలల్లో ఉంటారు, ఆ మేలును తక్కువ చేయకూడదు. కానీ హైదరాబాద్ డాబా మీద చాలాచోట్ల నదుల నీళ్లు పడతాయి. నల్గొండ, మునుగోడు, మర్రిగూడ వైపు మొక్కలకు పోసేది ఎక్కువగా బోరు నీళ్లే. మిషన్ భగీరథ కుళాయి తాగడానికి సరిపోతుంది.

ఆ బోరు నీళ్ల గుణం తెలియకుండా ఇక్కడ తోటపని చెప్పడం కుదరదు. ఫ్లోరైడ్ సంగతి లోకానికి తెలిసిందే; పటిక, సున్నం కలిపి దాన్ని తొలగించే పద్ధతికి నాగ్‌పూర్ ‘నీరి’ సంస్థ నల్గొండ పేరే పెట్టింది. ఇంటి మొక్కల్లో స్పైడర్ ప్లాంట్, డ్రసీనా లాంటివి ఫ్లోరైడ్‌కు ఇట్టే లొంగుతాయి, ఆకు కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతాయి. నీళ్లు చాలక అలా అయిందనుకుని ఇంకా పోస్తే కొసలు ఇంకా మాడతాయి. కూరగాయలకు, మల్లెకు, కరివేపాకుకు ఎక్కువ చేటు చేసేది నీళ్లలోని బైకార్బొనేట్లు. కుండీ అంచున తెల్లటి పొర కడితే అవే గుర్తు. మట్టిలో క్షారం పెరిగి, ఇనుము ఉన్నా వేరుకు అందదు. కొత్త ఆకు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. చాలా కార్యక్రమాల్లో ‘ఆకు పసుపు రంగుకు తిరిగి పచ్చబడితే నత్రజని తక్కువైంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నత్రజని లోపం ముదురు ఆకుల్లో మొదలవుతుంది, ఇనుము లోపం లేత ఆకుల్లో. ఏ ఆకు పచ్చబడిందో అడగకుండా యూరియా వేయించే యాంకర్‌ను మెచ్చుకోలేం. ఇనుము లోపానికి లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట, పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే తుప్పు రంగుకు తిరిగి పనికిరాదు.

కొబ్బరి పొట్టు దగ్గరా ఇదే కథ. ఇటుకలా నొక్కిన పొట్టును నానబెట్టి నేరుగా కుండీ మట్టిలో కలిపేయడం తెర మీద చూస్తాం. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, దానికి బోరు ఉప్పు తోడైతే మొలకలు కొసల నుంచి మాడతాయి. రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి, చివరి నీళ్లు వాన నీళ్లయితే మేలు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైచిలుకు దొరుకుతుంది. ఆ లెక్క చెప్పి డ్రమ్ము పెట్టించే ఎపిసోడ్ ఒక్కటి వచ్చినా జిల్లాకు ఎంతో ఉపకారం.

వేప కషాయం చెప్పని కార్యక్రమం ఉండదు. లీటరుకు 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి కొట్టడం. ఇది పనిచేస్తుందని కొందరు, ఉత్తదని కొందరు వాదిస్తారు. ఇద్దరూ చూసింది నిజమే. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు, క్షారానికి విరిగిపోతుంది. పాత గింజల పొడి వాడి, క్షారమున్న బోరు నీళ్లలో నానబెట్టి, పొద్దెక్కాక కొడితే పురుగుకు ఏమీ కాదు. ఈ ఏడాది గింజ, వాన నీళ్లు, సాయంత్రం పిచికారీ అయితే ఫలితం తేడాగా ఉంటుంది.

సేంద్రియమా, రసాయనమా అన్న వాదంలో యాంకర్లు కూడా పక్షాలు పట్టడం సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్య పద్ధతికి ఆదరణ పెరిగాక ఎక్కువైంది. ఆ పద్ధతిలో నేలకు పోసే జీవామృతం కొలత, ఎకరాకు, ఎక్కడ చూసినా ఒకటే: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పెండ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి, నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపడం. ఇక్కడ చెప్పాల్సిన జాగ్రత్త వేప కషాయానికి వేరుగా ఉంటుంది. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది కాబట్టి ఆ నీళ్లను ముందు ఒక రోజు మూత తీసి ఉంచాలి. మే నెల ఎండలో డ్రమ్ము డాబా మీద నీడ లేకుండా పెడితే రెండో రోజుకే కుళ్లు వాసన వస్తుంది.

రసాయన మందుల వైపు ప్రమాదం దశాంశంలో ఉంది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. అనే పురుగుమందు మోతాదు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. గబగబా చెబితే ‘మూడు’ అన్నదే చెవిన పడుతుంది, పదింతలు పడుతుంది. పది లీటర్ల పంపుకు 3 మిల్లీలీటర్లు, ఇరవై లీటర్ల పంపుకు 6 అని చెప్పడం సరైన పద్ధతి. ప్రకటనదారుడి పేరుతో మందును పిలిచే వ్యాఖ్యాతల మీద చూపరులకు అనుమానం రావడం సహజం. అసలు పేరు, శాతం, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చెబితే ఆ అనుమానానికి చోటుండదు.

ఇంత చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తనిది బరువు. తడిసిన మట్టి అడుగు ఎత్తున పోస్తే చదరపు మీటరుకు 450 నుంచి 500 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు స్లాబు లెక్కలో మామూలుగా పట్టే అదనపు బరువు 150 కిలోలు. పెద్ద మడులు గోడల మీద, బీముల మీదే రావాలి. స్లాబు నడిమధ్యలో ఆకుకూరల ట్రేలు, అరడుగు మించని మట్టితో, చాలు. టమాట, వంగకు పన్నెండు అంగుళాల కుండీలు పిట్టగోడ వెంట వరసగా పెట్టుకోవచ్చు. పాత ఇల్లయితే ముందు ఇంజనీరుకు చూపించాలి.

చానళ్లు దగ్గరలో చిత్రీకరించాలంటే అనుభవమున్నవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. గడ్డిపల్లి, కంపాసాగర్, పాలెం, మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, కొండమల్లేపల్లిలో బత్తాయి మీద పరిశోధన జరుగుతోంది. దేశమంతా ‘బాలానగర్’ పేరుతో పెంచే సీతాఫలం రకం మహబూబ్‌నగర్ జిల్లాదే. తక్కువ వానకు, చల్కకు తట్టుకునే ఆ చెట్టు మీద ఒక వారం మొత్తం చేసినా విషయం మిగులుతుంది.

ఫోన్‌లో ప్రశ్నలు తీసుకునే కార్యక్రమాల్లో మంచి వ్యాఖ్యాతను వెంటనే గుర్తుపట్టవచ్చు. జవాబు చెప్పకముందు ఆయన ఎదురు ప్రశ్నలు వేస్తాడు: ఏ ఊరు, బోరా కుళాయా, నేల లోతెంత, పచ్చబడింది లేత ఆకా ముదురు ఆకా, చివరిసారి ఏం వేశారు. ఫోన్ చేసేవాళ్లు ఈ అయిదూ ముందే కాగితం మీద రాసుకుని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే, యాంకర్ ఎవరైనా సరే, పక్కనున్న శాస్త్రవేత్త పనికొచ్చే జవాబు చెప్పగలుగుతాడు.