బరోక్ సంగీతం: కాగితం మీద ఉన్నది సగమే

పియానో నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. గ్రేడ్ పరీక్షలో జర్మన్ స్వరకర్త బాఖ్ రచన వాయించాలనగానే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. "మేడమ్, అది లెక్కల సంగీతమట కదా, ఒక్క స్వరం అటూ ఇటూ కాకూడదట" అంటారు తల్లిదండ్రులు. దాదాపు 1600 నుంచి 1750 దాకా ఇటలీలో, ఫ్రాన్స్‌లో, జర్మన్ సంస్థానాల్లో, ఇంగ్లండ్‌లో వికసించిన బరోక్ సంగీతం ఇది. 'లెక్కల సంగీతం' అన్న మాట దానికి అన్యాయం చేస్తోందని నాకు బాధ. క్లాసులో తరచూ వినే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: రాసింది రాసినట్టే వాయించాలి, సొంతంగా ఏమీ కలపకూడదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు కోరెల్లి ఐదో ఓపస్ (ప్రచురిత సంపుటి) వయొలిన్ సొనాటాలు (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలు) 1700లో రోమ్‌లో అచ్చయ్యాయి. అందులో నెమ్మదిగా సాగే భాగాలు చూడండి. చాలాచోట్ల వయొలిన్‌కు పొడుగాటి స్వరాలు కొన్ని ఉంటాయి, అంతే. 1710లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురణకర్త ఎస్టియెన్ రోజే ఈ సొనాటాలను మళ్లీ వేశాడు. ఈసారి మొదటి ఆరు సొనాటాల నెమ్మది భాగాలకు, కోరెల్లి స్వయంగా ఇలా వాయిస్తాడని చెబుతూ అలంకారాలు కూడా అచ్చువేశాడు. మొదటి ప్రతిలో రెండు స్వరాలున్న చోట ఇందులో పరుగులు తీసే స్వరాల గుత్తులు కనిపిస్తాయి. కృతులు నేర్చుకున్నవాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. స్వరలిపి పుస్తకంలో ఉంటుంది, గమకం గురువు గొంతులో ఉంటుంది.

పియానోకు ముందునాటి కీబోర్డ్ వాద్యం హార్ప్సికార్డ్ తోడుగా వాయించేవాళ్లకు ఇచ్చేది ఇంకా తక్కువ. కింది స్వరాల వరుస ఒక్కటి రాసి, దానికి అంకెలు పెట్టేవారు. 'సి' స్వరం దగ్గర అంకె లేకపోతే సి-ఇ-జి, 6 ఉంటే సి-ఇ-ఎ. ఆ స్వరాలను ఒక్కసారిగా మోగించాలా, విడదీసి వాయించాలా, ఎక్కడ ఊరుకోవాలి అన్నది అక్కడికక్కడ తేల్చుకోవాల్సిందే. ఇవాళ మనం కొనే సొనాటా పుస్తకాల్లో పియానో కుడిచేతికి కనిపించే స్వరాలు చాలాసార్లు తర్వాతి సంపాదకులు నింపినవి. స్వరకర్త హాండెల్ ఆపెరాల్లోని 'డా కాపో' పాటలూ ఇంతే. మొదటి భాగం, మధ్య భాగం రాసి, 'మళ్లీ మొదటి నుంచి' అని వదిలేస్తాడు. రెండోసారి అదే భాగాన్ని అలంకరించి పాడటం గాయకుల పని.

అపోహ: ఫ్యూగ్ ఒక ఫార్ములా. తెలిస్తే ఎవరైనా రాయొచ్చు.

వాస్తవం: మొదలు మాత్రం ఒకేలా ఉంటుంది. ఒక గొంతు, అంటే ఒక స్వరాల వరుస, ఒంటరిగా చిన్న స్వరవాక్యం పలుకుతుంది. రెండో గొంతు అదే వాక్యాన్ని పంచమం మీద అందుకుంటుంది, మొదటి గొంతు దానికి తోడుగా వేరే మాట చెబుతుంది. అన్ని గొంతులూ వచ్చాక ఇక నియమం లేదు. బాఖ్ 1722లో సిద్ధం చేసిన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే కీబోర్డ్ పుస్తకం మొదటి భాగం తెరవండి. సి మేజర్ ఫ్యూగ్‌లో ఒకరు వాక్యం పూర్తి చేయకముందే ఇంకొకరు అందుకుంటారు, 27 బార్లలో (తాళపు గడుల్లో) ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వడు. దాని పక్కనే ఉన్న సి మైనర్ ఫ్యూగ్‌లో అలా ఒకరి మీద ఒకరు పడటం అసలే లేదు, వాక్యం మాయమై హాయిగా ఆడుకునే చోట్లున్నాయి. నేను మొదట సి మైనరే నేర్పుతాను. మూడు గొంతులనూ విడివిడిగా పాడించాకే చేతులు కీల మీద పెట్టనిస్తాను.

అపోహ: ఇటలీ స్వరకర్త వివాల్డి ఒకే కాన్చెర్టోను (సోలో వాద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనను) వందలసార్లు రాశాడు.

వాస్తవం: ఆయనవి సుమారు 500 ఉన్నాయి, చాలావాటిలో పద్ధతి ఒకటే. ఆర్కెస్ట్రా ఒక పల్లవి వాయిస్తుంది, సోలో వయొలిన్ తన దారిన వెళ్తుంది, పల్లవి తిరిగి వస్తుంది. అందుకే ఆ పల్లవిని రిటోర్నెల్లో, అంటే తిరిగి వచ్చేది, అన్నారు. అయితే మన పల్లవిలా పూర్తిగా రాదు. ఒకసారి ముక్కగా వస్తుంది, ఒకసారి ఆధార షడ్జమమే మారిపోతుంది. 1725లో అచ్చయిన 'నాలుగు ఋతువులు'లో వసంతం వినండి. ఉరుములు, మెరుపుల తర్వాత ఆ సంబరాల పల్లవే దిగులు ధ్వనించే మైనర్‌లోకి దిగి వస్తుంది. అక్కడ నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. బాఖ్ జర్మన్ పట్టణం వైమార్‌లో ఉండగా వివాల్డి కాన్చెర్టోలను ఆర్గన్‌కు, హార్ప్సికార్డ్‌కు మార్చి రాసుకున్నాడు. అన్నీ ఒకటే అయితే అంత శ్రమ ఎందుకు పడతాడు?

అపోహ: సరబాండ్, జీగ్ లాంటి రచనలు నాట్యానికి రాసినవి.

వాస్తవం: పుట్టింది నాట్యం నుంచే. బాఖ్ సూట్ల (ఇలాంటి రచనల వరుసల) నాటికి అవి కూర్చుని వినేవి. సరబాండ్‌లో రెండో దెబ్బ మీద బరువు వేయడం మాత్రం మరవకండి.

అపోహ: బాఖ్ ఇవన్నీ పియానో కోసమే రాశాడు.

వాస్తవం: వాద్యాలు తయారుచేసే క్రిస్టోఫోరి ఫ్లోరెన్స్‌లో 1700 ప్రాంతంలో తొలి పియానోలు చేశాడు గానీ, బాఖ్ చేతికింద ఉన్న కీబోర్డ్ వాద్యాలు హార్ప్సికార్డ్, క్లావికార్డ్, ఆర్గన్. హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే లోపలి ములుకు తీగను మీటుతుంది, కాబట్టి వేలు గట్టిగా వేసినా శబ్దం పెరగదు. భావమంతా స్వరాల మధ్య వదిలే ఖాళీల్లోనే ఉంటుంది. పియానో మీద వాయించండి, నేనూ వాయిస్తాను. మొదటి నెల స్వరాలను సాగదీసే పెడల్ జోలికి మాత్రం పోవద్దు.

అపోహ: 1829లో స్వరకర్త మెండెల్‌సన్ బెర్లిన్‌లో 'సెయింట్ మాథ్యూ పాషన్' అనే బాఖ్ బృందగాన రచన చేయించేదాకా బాఖ్‌ను లోకం మరచిపోయింది.

వాస్తవం: పెద్ద బృందగాన రచనలు మూలపడ్డ మాట నిజమే. కీబోర్డ్ పుస్తకాలు మాత్రం గురువు నుంచి శిష్యుడికి అందుతూనే ఉన్నాయి. 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అచ్చయింది 1801లో, బాఖ్ పోయిన 51 ఏళ్లకు. అప్పటిదాకా నేర్చుకోవాలనుకున్నవాళ్లు చేత్తో రాసుకున్నారు. 1783 నాటికే బాన్‌లో గురువు నేఫె దగ్గర చిన్నారి బీతోవెన్ దాన్ని వాయిస్తున్నాడు, చేతిరాత ప్రతి చూసుకుని.