మూడు నల్లాల తీర్మానం: పిల్లలకు ఒక ఉత్తరం

హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. నెలకోసారి మీ బడిలో ఒక గది ఖాళీ చేయిస్తారు. బెంచీలు గోడవారకు జరిపి మీ అమ్మలనూ నాన్నలనూ కూర్చోబెడతారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు లోపలికి పోతాయి. గంటన్నర తర్వాత అందరూ లేచి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. మర్నాడు చూస్తే బడి నిన్న ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. మరి అంతసేపు లోపల ఏం చేసినట్టు అని మీకు అనిపించే ఉంటుంది. అదే ఈ ఉత్తరంలో చెబుతాను.

ఆ గుంపును పాఠశాల యాజమాన్య కమిటీ అంటారు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ప్రభుత్వ బడులకూ, ప్రభుత్వ సాయం అందుకునే బడులకూ ఈ కమిటీ ఉండాలని అందులో 21వ సెక్షన్ చెబుతుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే 24 మంది కమిటీలో తల్లిదండ్రులు 18 మందికి తగ్గకూడదు, ఆడవాళ్లు 12 మందికి తగ్గకూడదు. హెడ్మాస్టరు కన్వీనరు. మీటింగు పిలవడం, పుస్తకం రాయడం ఆయన పని. పెద్దసారే కమిటీకి పెద్ద అని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. కేంద్రం 2010లో రాసిన నియమాల ప్రకారం ఛైర్మన్‌ను తల్లిదండ్రుల్లోంచే ఎన్నుకోవాలి, నెలకు ఒక్కసారైనా కూర్చోవాలి, రెండేళ్లకోసారి కమిటీని కొత్తగా వేయాలి. ఆ నియమాల్లో ఇంకో ముచ్చట కూడా ఉంది. తల్లిదండ్రులు కాని ఆ నాలుగో వంతు సీట్లలో కొన్నింటిలో ఊళ్లోని విద్యావేత్తలను గానీ, బడి పిల్లలను గానీ తీసుకోవచ్చు. పిల్లలను తీసుకున్న కమిటీలు అరుదు. సీటు మాత్రం కాగితం మీద ఉంది.

2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికి అధ్యక్షురాలు మహిళా సంఘాల నుంచి వస్తారు, కన్వీనరు మాత్రం హెడ్మాస్టరే. గోడ మీద బోర్డులో ఏ పేరున్నా, లెక్క రాసే పద్ధతి ఒకటే. అందుకని నేను కమిటీ అనే అంటాను.

ఇక అసలు సంగతి. సోమవారం పొద్దున బాత్రూంలో నీళ్లుండవు, గమనించారా? శనివారం ఉంటాయి, సోమవారం ఉండవు. ఎందుకో మీరే లెక్క కట్టవచ్చు. చేతులు కడిగే చోట కారుతున్న నల్లా కింద లీటరు సీసా పెట్టి గడియారం చూడండి. పది నిమిషాల్లో నిండిందనుకోండి. గంటకు ఆరు లీటర్లు. అట్లాంటివి మూడుంటే గంటకు 18. మేడ మీద 500 లీటర్ల ట్యాంకు ఉంటే 28 గంటల్లో ఖాళీ. శనివారం సాయంత్రం బడి మూస్తే ఆదివారం రాత్రికే అడుగు కనబడుతుంది. మన నగరంలో చాలా బస్తీలకు జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సోమవారం మీ వంతు కాకపోతే మంగళవారం దాకా అంతే. టీచరు మిమ్మల్నే తిడతారు, నీళ్లు వృథా చేశారని.

ఇప్పుడు ఇది మీటింగుకు వచ్చిందనుకుందాం. పుస్తకంలో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి ఇట్లా ఉంటుంది:

“నీటి సమస్యపై చర్చించడమైనది. తగు చర్యలు తీసుకొనవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

చదవడానికి గంభీరంగా ఉంది కదా! కానీ ఎవరు, ఏమి, ఎంత, ఎప్పటిలోగా అన్నది ఒక్కటీ లేదు. వచ్చే నెల కూడా ఇదే వాక్యం దించుకుంటారు. కొన్ని పుస్తకాల్లో ఏడాది పొడుగునా ఇదే ఉంటుంది, తేదీలే మారతాయి. రెండో రకం ఇట్లా ఉంటుంది:

“తీర్మానం 3. చేతులు కడిగే చోట 6 నల్లాలకు 3 కారుతున్నవి. అరంగుళం ఇత్తడి నల్లాలు 3, టెఫ్లాన్ టేపు 2 చుట్టలు కొని, ప్లంబరు కూలీతో కలిపి రూ. 1,800 మించకుండా, పాఠశాల గ్రాంటు నుంచి, ఈ నెల 20వ తేదీలోగా బిగించవలెను. కొనేవారు: హెడ్మాస్టరు, 4వ తరగతి తల్లి సభ్యురాలు. పని చూసి సంతకం చేసేవారు: ఛైర్మన్.”

ఇట్లా రాస్తేనే పని జరుగుతుంది. ఇందులో ప్రతి మాటకూ ఒక కారణం ఉంది. “ఇత్తడి” అని రాయకపోతే ప్లాస్టిక్‌వి వస్తాయి. రోజుకు వందసార్లు తిప్పే చోట వాటి మరలు తొందరగా అరుగుతాయి. నొక్కితే వచ్చే స్ప్రింగు నల్లాలు బాగుంటాయని కొందరంటారు. బోరు నీళ్లున్న బడిలో వద్దంటాను నేను. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, తెల్లగా పేరుకుని స్ప్రింగు పట్టేస్తుంది. అప్పుడు నల్లా మూతపడదు, లేకపోతే తెరుచుకోదు. “మించకుండా” అన్న మాట లేకపోతే బిల్లు ఎంతకైనా పెరగవచ్చు. ఇద్దరి పేర్లు లేకపోతే నువ్వు కొంటావని నేను, నేను కొంటానని నువ్వు.

ఆ పుస్తకం ఎప్పుడైనా కనబడితే చూడండి. పేజీలన్నిటికీ ముందే నంబర్లు వేసి ఉండాలి, మొదటి పేజీలో మొత్తం ఎన్ని పేజీలో రాసి సంతకం ఉండాలి. తప్పు పడితే తెల్లరంగు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. ఆఖరి తీర్మానం కింద ఖాళీ జాగా మిగిలితే అడ్డగీత గీస్తారు, లేకపోతే రేపు ఎవరైనా అందులో ఇంకో వాక్యం ఇరికించవచ్చు. వేలిముద్ర వేసిన వాళ్ల పక్కన పేరు రాసి, అది ఎవరి ముద్రో తెలిసిన ఇంకొకరు సంతకం చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, రాసింది చదివి వినిపించాక సంతకాలు. ముందే ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకోవడం, మీటింగు జరపకుండా పుస్తకం ఇంటింటికీ తిప్పడం పాత జబ్బు.

ఆ జబ్బు ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. మీటింగు పొద్దున పదకొండింటికి పెడతారు. ఆ వేళకు రోజుకూలీ వాళ్లు అడ్డా మీద నుంచి పనికి వెళ్లిపోయి ఉంటారు, ఆటో నడిపే నాన్నలకు గిరాకీ వేళ అది. వస్తే ఆ రోజు కూలి పోతుంది. అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే అమ్మలకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కాస్త తీరిక. ఆ వేళకు పెట్టిన చోట కుర్చీలు నిండుతాయి. నోటీసు ఒక్క తెలుగులోనే రాస్తే ఉర్దూ చదివే ఇళ్లకు చేరదు. రెండు భాషల్లో రాసి, మూడు రోజుల ముందు మీ చేతికే ఇచ్చి పంపడం మంచిది. సంచిలో నలిగిపోయిన నోటీసుల సంగతి మీకే తెలుసు.

ఇప్పుడు డబ్బు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడికి ఏడాదికోసారి గ్రాంటు మంజూరవుతుంది, పిల్లల సంఖ్యను బట్టి. 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000, ఆపైన లక్ష. మీ బడిలో 180 మంది ఉన్నారనుకుంటే 50,000. తలకు దాదాపు 278 రూపాయలు. ఏడాదికి 220 రోజులు బడి అనుకుంటే ఒక్కొక్కరికి రోజుకు రూపాయి పావలా. ఆ రూపాయి పావలాలోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిల్, పాడైన ఫ్యాను, విరిగిన బెంచీ కాలు, మన మూడు నల్లాలు. అందులో పదో వంతు, అంటే 5,000, శుభ్రతకే పెట్టాలి. పైగా డబ్బు తరచుగా విడతలుగా వస్తుంది. మార్చి 31 లోపల ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. అందుకే మార్చి నెలలో బడికి హఠాత్తుగా కొత్త బీరువా వస్తుంది! జూన్‌లోనే ఏం కావాలో వరుస రాసుకున్న కమిటీకి ఆ హడావుడి ఉండదు.

ఈ మెట్ల లెక్కలో ఒక చిక్కు ఉంది. 100 మంది ఉంటే 25,000, ఒక్కరు ఎక్కువైతే 50,000. బడి మానేసిన పిల్లవాడి పేరు రిజిస్టరులో అట్లాగే ఉంచాలన్న ఆశ ఇక్కడే పుడుతుంది. తల్లి సభ్యులకు ఇది ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే ఆ పిల్లవాడు వాళ్ల గల్లీలోనే ఉంటాడు, లేదా ఊరికి వెళ్లిపోయాడు.

నల్లాలకు వద్దాం. కొనేముందు రెండు మూడు దుకాణాల్లో ధర అడుగుతారు. బిల్లు బడి పేరు మీద ఉండాలి, తేదీ ఉండాలి, ఆ తేదీ తీర్మానం తర్వాతది అయి ఉండాలి. 8న కొని 10న తీర్మానం రాస్తే ఆడిట్‌లో, అంటే లెక్కల తనిఖీలో, మొదట పట్టుకునేది అదే. డబ్బు దుకాణం ఖాతాకే పోవాలి, చేతికి కాదు. ప్లంబరు దగ్గర బిల్లుబుక్కు ఉండదు కాబట్టి చేతి రసీదు తీసుకుంటారు. మొత్తం 5,000 దాటితే దాని మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించాలి. బిల్లుకు వోచరు నంబరు వేసి క్యాష్ బుక్కులో ఎక్కిస్తారు. కొత్త నల్లాలు స్టాకు రిజిస్టరులో ఎక్కుతాయి. విప్పిన పాతవి కూడా ఎక్కాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఇత్తడికి పాత సామాన్ల దుకాణంలో మంచి ధర ఉంది మరి.

ఇక బడిలో పెట్టే మధ్యాహ్నం అన్నం సంగతి. ఇది ప్రతి మీటింగులోనూ ఉండాల్సిన అంశం. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75, ఏడున్నర. చిన్నవాళ్లు 120 మంది, పెద్దవాళ్లు 60 మంది వచ్చిన రోజు బియ్యం 12, 9 కలిపి 21 కిలోలు, పప్పు 4 కిలోల 200 గ్రాములు, కూరగాయలు పదిన్నర కిలోలు. మన రాష్ట్రంలో వారానికి మూడు గుడ్లు. నగరంలో చాలా బడులకు వండిన అన్నం వ్యానులో వస్తుంది. అక్కడ చూడాల్సింది డబ్బాలు వేడిగా ఉన్నాయా, పొద్దున పంపిన లెక్కకూ వచ్చిన దానికీ సరిపోయిందా అని. లెక్క తక్కువ పంపితే వరుసలో చివర నిలబడ్డ వాళ్లకు పప్పు నీళ్లవుతుంది. ఎక్కువ పంపితే అన్నం మిగులుతుంది, లెక్క అబద్ధమవుతుంది. మీకు పెట్టేముందు పెద్దవాళ్లు ఒకరైనా తిని చూడాలి, ఆ రుచి రిజిస్టరులో వాళ్ల సంతకం ఉండాలి. వారం సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి చేసినట్టు ఉంటే, తల్లి సభ్యురాలు ఆ పేజీ మీద వేలు పెట్టి అడగవచ్చు.

కమిటీ చేయలేనివీ ఉన్నాయి. టీచర్లను బదిలీ చేయలేదు, ఫీజు వసూలు చేయలేదు. గోడ పెద్దగా బీటలువారితే పైపైన సిమెంటు పూయించి ఊరుకోకూడదు, ఫొటోలు జతచేసి ఇంజనీరును పంపమని విద్యాశాఖకు రాయాలి. అద్దె భవనంలో నడిచే బడి అయితే ఇంకా కష్టం, మేకు కొట్టాలన్నా ఇంటాయన ఒప్పుకోవాలి.

మరి మీరేం చేయవచ్చంటారా? “నల్లా పాడైంది సార్” అంటే అది పెద్దసారు చెవిలో సాయంత్రం దాకా ఉంటుంది. చీటీ మీద రాయండి: ఏ నల్లా, ఎడమ నుంచి ఎన్నోది, లీటరు సీసా ఎన్ని నిమిషాల్లో నిండింది, ఏ తేదీ. మీటింగుకు రెండు రోజుల ముందు కన్వీనరుకు ఇవ్వండి. అది అజెండాలోకి ఎక్కడం తేలిక, ఎందుకంటే తీర్మానానికి కావాల్సిన సగం మాటలు అందులోనే ఉన్నాయి.

వచ్చే నెల మీటింగు పోయిన నెల తీర్మానాలు చదవడంతో మొదలవుతుంది. మన మూడో తీర్మానం ఎదురుగా ఇట్లా రాసి ఉండవచ్చు: “2 నల్లాలు బిగించడమైనది. మూడవ దానికి గోడలోని పైపు మర అరిగిపోయినందున ఎల్బో మార్చవలసి ఉన్నది. ఖర్చు రూ. 1,340. మిగులు రూ. 460.” అప్పుడు ఆ ఎల్బో (పైపు మలుపు ముక్క), గోడ పగలగొట్టి మళ్లీ పూయడానికి తాపీమేస్త్రి సగం రోజు కూలి, ఇవి ఆ నెల మొదటి తీర్మానం అవుతాయి. అప్పటిదాకా ఆ నల్లా కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు మొక్కలకు పోయండి.

ఉంటాను.

మీ
తాతయ్య