పేరుకు లిల్లీ, పుట్టుకకు ఐరిస్

బ్లాక్‌బెర్రీ లిల్లీ అనే పేరులోని రెండు మాటలూ తప్పే. ఇది లిల్లీ కాదు, దీనికి బ్లాక్‌బెర్రీ పండ్లు కాయవు. నారింజ రంగు రేకుల మీద ఎర్రటి చుక్కలు చిలకరించినట్టుండే పూలను చూసినవారు దీన్ని లిల్లీ అనుకున్నారు. కాయ పగిలిన తరువాత నడిమి కాడను అంటిపెట్టుకొని గుత్తిగా నిలిచే నిగనిగలాడే నల్లని గింజలను చూసి బ్లాక్‌బెర్రీ పండును తలచుకున్నారు. పేరు తప్పైతే మొక్కకు వచ్చిన నష్టమేమిటని అనిపించవచ్చు గాని, తోటలో ఈ పొరపాటు దాని ప్రాణం మీదికే వస్తుంది. లిల్లీ గడ్డను నాటినట్టు లోతుగా పాతి, నేలను ఎప్పుడూ తడిగా ఉంచినవారికి తరచు మిగిలేది కుళ్ళిన దుంపే.

పువ్వును దగ్గరగా చూస్తే అనుమానం వెంటనే తీరుతుంది. లిల్లీలో ఆరు కేసరాలుంటాయి, అండాశయం రేకుల పైభాగాన ఉంటుంది. ఈ పువ్వులో కేసరాలు మూడే, అండాశయం రేకుల అడుగున ఉంటుంది. ఈ రెండు గుర్తులూ ఐరిస్ కుటుంబానివి. మనం పాయసంలో వేసుకునే కుంకుమపువ్వుదీ, పూలదుకాణాల్లో కనిపించే గ్లాడియోలస్‌దీ అదే కుటుంబం. ఆకులు ఇంకా స్పష్టంగా చెబుతాయి. మామిడాకుకు పైముఖం వేరు, అడుగుముఖం వేరు. ఈ మొక్క ఆకు కత్తిలా నిలువుగా లేస్తుంది; దాని మొదట్లో ఒక ఆకు మడతలో మరొక ఆకు ఇమిడి ఉంటుంది, పైన మనకు కనబడే రెండు ముఖాలూ నిజానికి అడుగుముఖాలే. అందువల్ల నిటారుగా నిలిచిన ఆకు ఇరువైపులా ఒకే తీరున ఎండను వాడుకోగలదు. అలా ఒకే తలంలో పరచుకొని విసనకర్రలా కనబడే ఆకులను చూసే జపాన్‌లో దీన్ని హిఓగి అన్నారు. పూర్వం అక్కడి రాజాస్థానాల్లో పట్టుకొనే చెక్క విసనకర్ర పేరు అది.

పేరు విషయంలో తోటమాలులే కాదు, శాస్త్రజ్ఞులూ చాలాకాలం తడబడ్డారు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ప్రచురించిన ఒకే గ్రంథంలో దీనికి రెండు పేర్లు పెట్టాడు: ఒక చోట ఆర్కిడ్‌ల వరుసలో ఎపిడెండ్రమ్ డొమెస్టికమ్ అని, మరొక చోట ఇక్సియా చైనెన్సిస్ అని. అమెరికాలో అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1807లో తన ఎస్టేటు మాంటిచెల్లోలోని పూలమడిలో విత్తించినప్పుడు కూడా ఇది చైనీస్ ఇక్సియాయే. ఆ తరువాత ఎక్కువ కాలం నిలిచిన పేరు బెలమ్‌కండా చైనెన్సిస్. ఆ బెలమ్‌కండా అన్నది కేరళ గడ్డ మీది మాట. డచ్చి అధికారి వాన్ రీడె మలబారు వైద్యుల సాయంతో కూర్పించి, 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువరించిన హోర్టస్ మలబారికస్ అనే మొక్కల గ్రంథం ద్వారా అది లాటిన్‌లోకి చేరింది. చివరకు డీఎన్ఏ పోలికలు ఈ మొక్క ఐరిస్ ప్రజాతి లోపలిదేనని తేల్చాక, 2005లో గోల్డ్‌బ్లాట్, మాబర్లీ అనే వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ఐరిస్ డొమెస్టికా అని పేరు మార్చారు. ఐరిస్ చైనెన్సిస్ అనే పేరును అప్పటికే మరో మొక్కకు వాడేసి ఉండటంతో, ఆర్కిడ్ అనుకొని పెట్టిన పాత పేరులోని రెండో సగమే దీనికి దక్కింది. అందమైన మలయాళ మాట పోయి ఆ పొరపాటు గుర్తు మిగలడం నాకైతే కాస్త అన్యాయంగానే తోస్తుంది.

ఐరిస్ అని తెలిశాక పెంపకం సులువవుతుంది. మట్టి తీసి చూస్తే కనిపించేది ఉల్లిలాంటి గడ్డ కాదు, పసుపు కొమ్ము వంటి కొమ్ము; కోస్తే లోపల పసుపుపచ్చగా ఉంటుంది. కొమ్మంటే నేలలో అడ్డంగా పాకే కాండమే. ఆహారాన్ని దాచుకొనే ఈ కాండానికి గాలి తగలాలి. మట్టి రేణువుల సందుల్లో నీరు నిండిపోతే వేళ్ళకు ప్రాణవాయువు అందదు. అవి నీరసించిన చోట బ్యాక్టీరియా చొరబడి, కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించివేస్తుంది. దుంప మెత్తబడి దుర్వాసన కొట్టేది అందుకే. కాబట్టి కొమ్మును రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుగా నాటకూడదు. ఎర్ర చల్కా నేలల్లో పెద్దగా ఇబ్బంది ఉండదు గాని, నల్లరేగడిలో మాత్రం ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి జానెడెత్తు మడి కట్టి నాటడమే క్షేమం. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ పడాలి. నీడలో పెరిగిన మొక్క సాగిపోయి వాలిపోతుంది. నత్రజని ఎరువు దండిగా వేసినా అదే గతి: ఆకు ఏపుగా వస్తుంది, పూలు తగ్గుతాయి, మెత్తటి కణజాలం తెగుళ్ళకు లోబడుతుంది. వేళ్ళు పట్టేదాకా క్రమంగా నీళ్ళు పోసి, ఆ తరువాత పైమట్టి ఆరినప్పుడు పోస్తే చాలు. కుండీలో పెంచేవారు అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి, పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకూడదు.

సాధారణంగా రెండడుగుల నుంచి మూడడుగుల ఎత్తు లేచే పూకాడ పైన కొమ్మలుగా చీలుతుంది. ఒక్కొక్క పువ్వు అయిదు సెంటీమీటర్ల వెడల్పుంటుంది, దాని ఆయుష్షు ఒక్క పగలే. వాడిపోయేటప్పుడు రేకులన్నీ కలిసి పిండిన తడిగుడ్డలా మెలితిరిగి ముడుచుకుంటాయి. అయినా మర్నాటికి మరికొన్ని విచ్చుకుంటాయి గనుక మొక్క వారాల తరబడి పూలతోనే ఉంటుంది. ఎండిన పూలను గిల్లేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ శుభ్రత పనికిరాదు, ఎందుకంటే దీని అసలు అందం సగం గింజల్లోనే ఉంది. కాయ ఎండి మూడు తొనలుగా వెనక్కి ముడుచుకున్నాక కూడా గింజలు రాలకుండా చాలా రోజులు నిలిచి ఉంటాయి. పాత జపనీయ కవులు రాత్రిని, చీకటిని, కురులను వర్ణించే ముందు వాడే నుబతమ అనే మాట ఈ నల్లని గింజలదే. అక్కడ క్యోటోలో జులై నెలలో జరిగే గియోన్ ఉత్సవానికి ఈ మొక్కనే ఇళ్ళ ముందు అలంకరిస్తారు.

చైనాలో దీని ఎండిన కొమ్మును షెగాన్ పేరిట గొంతు జబ్బులకు వాడతారు. అది వైద్యులు మోతాదు చూసి ఇచ్చే మందు. తోటలోంచి తవ్వి నమిలే వస్తువు కాదు.

మూడు నాలుగేళ్ళకు గుంపు ఒత్తుగా అయినప్పుడు పూలు తగ్గుతాయి. పూత ముగిశాక తవ్వి, ప్రతి ముక్కకూ ఒక ఆకుల విసనకర్ర, కొన్ని వేళ్ళు ఉండేటట్టు కోసి, కోసిన ముఖం ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి నాటాలి. ఆకులను సగానికి కత్తిరిస్తే కొత్త వేళ్ళు వచ్చేదాకా నీరు ఆవిరై పోవడం తగ్గుతుంది. అయితే ఇది బహువార్షికమే అయినా దీర్ఘాయుష్మంతురాలు కాదు. కొన్నేళ్ళకు తల్లిమొక్క క్షీణిస్తుంది కాబట్టి గింజల మీదా దృష్టి ఉండాలి. ఎండబెట్టి దాచిన గింజలు నిద్రావస్థలోకి జారుకుంటాయి. వాటిని తడి ఇసుకలో కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి విత్తితే మొలక మెరుగ్గా వస్తుంది. పువ్వు సాధారణంగా రెండో ఏట కనబడుతుంది. తల్లిమొక్క చుట్టూ రాలిన గింజలు వాటంతటవే మొలుస్తాయి గాని, అవి అచ్చం గడ్డిలా ఉండటంతో కలుపుతో పాటు పీకివేయడం జరుగుతుంటుంది. పీకేముందు మొలక మొదలును రెండు వేళ్ళ మధ్య పట్టి చూడాలి: గుండ్రంగా తగిలితే అది గడ్డి కావచ్చు, పలకలా చదునుగా ఉండి ఆకులు ఒకే వరుసలో అటూ ఇటూ విచ్చుకుంటుంటే దాన్ని ఉంచాలి.