ముందు ట్రయలా, ముందు ఓటా?

రద్దీ వేళ రోడ్డెక్కిన ప్రతి కారూ వెనకాల వచ్చేవాళ్ల టైమ్ కొంత తినేస్తుంది. ఆ నష్టానికి కారు ఓనరు పైసా కట్టడు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1959లోనే అమెరికా కాంగ్రెస్ కమిటీకి ఈ లెక్క చెప్పాడు. కార్లను ఎలక్ట్రానిక్‌గా గుర్తుపట్టి, రద్దీని బట్టి డబ్బు వసూలు చేయొచ్చన్నాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా చెవికెక్కించుకోలేదు.

రద్దీకి డబ్బు వసూలు చేయడం 1975లో సింగపూర్ మొదలుపెట్టింది, అదీ కాగితంతో. రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు వెళ్లాలంటే రోజుకు 3 సింగపూర్ డాలర్ల లైసెన్సు కొని అద్దానికి అతికించుకోవాలి. లేనివాళ్లను గేటు దగ్గర నిలబడ్డ మనుషులే కళ్లతో చూసి పట్టుకునేవారు. అక్కడ ఎలక్ట్రానిక్ టోల్ 1998లో గానీ రాలేదు.

అంతకు చాలాముందే, 1983లో, హాంకాంగ్ ట్రయల్ వేసింది. సుమారు 2,500 వాహనాల అడుగున వీడియో క్యాసెట్ సైజు డబ్బా బిగించారు. రోడ్డులో పాతిన తీగచుట్టలు దాన్ని చదివేవి. మెషీన్లు దాదాపు తప్పు లేకుండా పనిచేశాయి. అయినా 1985లో పథకం అటకెక్కింది. ఏ కారు ఎప్పుడు ఎక్కడ దాటిందో ప్రభుత్వం దగ్గర ఉంటుందన్నదే జనం టెన్షన్. అప్పటికి బ్రిటన్ పాలనలో ఉన్న హాంకాంగ్‌ను చైనాకు అప్పగించే ఒప్పందం 1984లోనే కుదిరింది. ఆ చిట్టా రేపు ఎవరి చేతికి పోతుందో అన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పైగా 1982లో కారు పన్నులు బాగా పెంచడంతో కార్లు తగ్గాయి, రోడ్లు కాస్త ఖాళీ అయ్యాయి. ఇక టోల్ ఎందుకన్నారు.

లండన్ 2003లో ఓటూ ట్రయలూ లేకుండా, కెమెరాలు పెట్టి రోజుకు 5 పౌండ్లు వసూలు మొదలుపెట్టింది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా 2005లో టోల్ కావాలా వద్దా అని ముందే ఓటు పెట్టింది. దాదాపు నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. చూడని సరుకుకు ధర చెబితే ఎవరైనా అదే అంటారు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ ముందు వాడి చూడమంది. 2005 ఆగస్టులోనే బస్సులు పెంచి, 2006 జనవరి 3న టోల్ మొదలుపెట్టింది. వేళను బట్టి ఒక్కసారి దాటితే 10 నుంచి 20 క్రోనర్లు. నగరం నడిబొడ్డు చుట్టూ ఉన్న టోల్ గీత దాటే వాహనాలు ఐదో వంతు తగ్గాయి. జులై 31న టోల్ ఆపేశారు. ట్రాఫిక్ చాలావరకు మళ్లీ పెరిగింది. నాకైతే, టోల్ పెట్టినప్పటికంటే తీసేసినప్పుడే జనానికి తేడా బాగా తెలిసిందనిపిస్తుంది.

సెప్టెంబరు ఓటింగులో నగరం స్వల్ప మెజారిటీతో సరేనంది. సొంతంగా ఓటు పెట్టుకున్న చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో మాత్రం వద్దన్నవాళ్లే ఎక్కువ. వచ్చిన డబ్బు రోడ్లకే ఖర్చు పెడతామని చెప్పి, 2007 ఆగస్టులో స్వీడన్ కొత్త ప్రభుత్వం టోల్ మళ్లీ తెచ్చింది.