మొదటి రౌండ్ కార్నర్‌బ్యాక్: ఏరుకున్నది ఒకరు, ఉంగరం తొడిగింది మరొకరు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా (ఒక్కో వంతు ఒక పిక్) ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలిచే పేరు చాలాసార్లు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ది, లేదంటే ఆ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే పాస్ రషర్‌ది. 1967లో పోటీ పడుతున్న రెండు లీగులూ కలిసి ఒకే డ్రాఫ్ట్ పెట్టుకున్నప్పటి నుంచి 2025 దాకా, బంతి అందుకునే రిసీవర్‌ను కాచే కార్నర్‌బ్యాక్ పేరు మొదట వినబడనే లేదు. అచ్చంగా కార్నర్‌గానే ఆడేవాళ్లకు దక్కిన అతి పై స్థానం మూడు: 1991లో బ్రూస్ పికెన్స్, 1997లో షాన్ స్ప్రింగ్స్, 2020లో జెఫ్ ఒకూడా, 2022లో డెరెక్ స్టింగ్లీ. 2025లో జాక్సన్‌విల్ రెండో పిక్‌తో తీసుకున్న ట్రావిస్ హంటర్ రిసీవర్‌గా కూడా ఆడతాడు కాబట్టి అతని లెక్క వేరు. అయినా ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఏదో ఒక ఊళ్లో ఇదే గొడవ: మన జట్టు తన మొదటి పిక్‌ను కార్నర్ మీద పెట్టాలా, వద్దా?

గొడవ అర్థం కావాలంటే డ్రాఫ్ట్ లెక్క ఒకటి తెలియాలి. కిందటి సీజన్లో ఎక్కువగా ఓడిన జట్టుకే కాలేజీ కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు. ఈ పద్ధతికి మూలపురుషుడు ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. ఆయన జట్టు అప్పట్లో చిత్తుచిత్తుగా ఓడేది కాబట్టి ఆలోచన ఊరికే పుట్టలేదు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. ఇప్పుడు 32 జట్లు, ఏడు రౌండ్లు. అంటే మొదటి అయిదు పిక్‌లలో ఒకటి చేతికొచ్చిందంటే ఆ జట్టు మామూలుగా అధ్వానంగా ఉందనే అర్థం. కార్నర్ విషయంలో చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కార్నర్ పనేమిటి? ప్రో కబడ్డీ చూసేవాళ్లకు కార్నర్ అన్న మాట కొత్తకాదు. అక్కడిలాగే ఇక్కడా వాడు అంచున కాచుకుని ఉంటాడు, కాకపోతే పక్కన చెయ్యి పట్టుకునే తోడు ఉండదు. ఎదురుగా ఉన్న రిసీవర్‌కు తాను ఎటు పరిగెత్తాలో ముందే తెలుసు, కార్నర్‌కు తెలియదు. అందుకని మొదటి కొన్ని అడుగులు వెనక్కే పరిగెడతాడు. కళ్లు రిసీవర్ మొహం మీద పెట్టడు, ఎందుకంటే మొహంతో, భుజాలతో ఎవరైనా బులిపించగలరు. నడుము మీద పెడతాడు. నడుము తిరిగిందంటే మనిషి అటే వెళ్తాడు. ఆ క్షణంలో తన నడుమూ తిప్పి వాడితో సమానంగా పరుగందుకోవాలి. అరక్షణం ఆలస్యమైతే స్టేడియమంతా చూస్తుండగా ఆరు పాయింట్లు పోతాయి. సరిగ్గా చేశాడా, ఏమీ జరగదు. క్వార్టర్‌బ్యాక్ ఇటు ఓసారి చూసి, బంతిని అవతలి పక్కకు విసురుతాడు. మంచి కార్నర్‌కు దక్కే గౌరవం అదే. జట్టుకు వచ్చే తలనొప్పి కూడా అదే, ఎందుకంటే అవతలి పక్కన నిలబడ్డవాడు అంతంతమాత్రంగాడైతే బంతి రోజంతా వాడి మీదికే వస్తుంది.

ఒకప్పుడు ఈ పని ఇంత ఒంటరిది కాదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో మెల్ బ్లౌంట్ అనే ఆరడుగుల మూడంగుళాల కార్నర్ ఉండేవాడు. 1970లో మూడో రౌండ్‌లో తీసుకున్నారు. బంతి గాల్లోకి లేవకముందు రిసీవర్‌ను చాలా దూరం దాకా తోస్తూ, గుద్దుతూ పోవచ్చు కాబట్టి అతని చేతిలో పడ్డ రిసీవర్ అనుకున్న చోటికి చేరేవాడే కాదు. 1975లో 11 ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థి విసిరిన బంతులు, పట్టాడు, ఆ ఏడాది లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 1978లో లీగ్ పగ్గం వేసింది: ఆట మొదలయ్యే గీత దాటి అయిదు గజాల వరకే రిసీవర్‌ను తాకాలి, ఆ తర్వాత చెయ్యి పడితే తప్పు. ఆ నిబంధనకు అతని పేరే నిలిచిపోయింది. 2004 జనవరిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ మీద సెమీఫైనల్లాంటి మ్యాచ్‌లో న్యూ ఇంగ్లండ్ కార్నర్ టై లా ముగ్గురు నలుగురి పని ఒక్కడే చేసినట్టు ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ విసిరిన బంతులు మూడు పట్టేశాడు. రిసీవర్లను పట్టి ఆపారని కోల్ట్స్ వాళ్లు గగ్గోలు పెట్టారు. వచ్చే సీజన్ నుంచి రెఫరీలు అయిదు గజాల నిబంధనను గట్టిగా పట్టుకున్నారు. ఇలా లీగ్ ముడి బిగించిన కొద్దీ, చెయ్యి వేయకుండా కాళ్లతోనే రిసీవర్‌ను అంటిపెట్టుకోగలవాడు అరుదైపోయాడు. అరుదైనదానికి ధర పెరుగుతుంది. పై పిక్‌ను కార్నర్ మీద పెట్టేవాళ్ల వాదన ఇదే, అందులో బలం లేకపోలేదు.

కానీ పై పిక్‌లతో ఎంపికైన గొప్ప కార్నర్ల చరిత్ర ఒక్కసారి వరసగా చూడండి. 1976లో మైక్ హేన్స్‌ను అయిదో పిక్‌తో న్యూ ఇంగ్లండ్ తీసుకుంది. అతను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది రైడర్స్‌తో, 1983లో అక్కడికి మారిన సీజన్లోనే. 1989లో డియాన్ శాండర్స్‌ను అయిదో పిక్‌తో అట్లాంటా తీసుకుంది. పరుగులో, పొగరులో అతన్ని మించినవాడు లేడు. అట్లాంటాలో అయిదేళ్లున్నాడు, జట్టు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లాడు, ఆ ఏడే సూపర్ బౌల్. మరుసటి ఏడు డాలస్‌కు వెళ్లాడు, మళ్లీ సూపర్ బౌల్. చార్లెస్ ఉడ్‌సన్‌ను 1998లో నాలుగో పిక్‌తో రైడర్స్ తీసుకుంటే చాంపియన్‌కు దక్కే ఉంగరం గ్రీన్‌బే ఇచ్చింది. 2016లో జేలెన్ రామ్సీని అయిదో పిక్‌తో జాక్సన్‌విల్ తీసుకుంది. 2019లో రెండు మొదటి రౌండ్ పిక్‌లకు, ఇంకో చిన్న పిక్‌కు అతన్ని రామ్స్‌కు ఇచ్చేసింది. రామ్స్ కప్పు ఎత్తింది. 2012లో పదో పిక్‌తో బఫెలో తీసుకున్న స్టెఫాన్ గిల్‌మోర్ కూడా న్యూ ఇంగ్లండ్ వెళ్లాకే గెలిచాడు.

ఇది కాకతాళీయం అనుకోను. కార్నర్ ఒక్కడే ఒక జట్టును పైకి లాగలేడు, పైకి వచ్చిన జట్టును ఇంకో మెట్టు ఎక్కించగలడు. ముందు వరసలో పాస్ రష్ ఉంటేనే క్వార్టర్‌బ్యాక్‌కు ఆలోచించే వ్యవధి తగ్గుతుంది. అప్పుడు కార్నర్ మూడు సెకన్లు కాపు కాస్తే చాలు. అది లేనిచోట ఎంతటి కార్నరైనా ఎంతసేపని పరిగెడతాడు?

న్యూయార్క్ జెట్స్ కథ దీనికి పెద్ద ఉదాహరణ. పేరుకు న్యూయార్క్ గాని ఆడేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లోని మన తెలుగువాళ్ల ఇళ్లకు ఎంతో దూరం లేని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. 2006లో 10 గెలిచి 6 ఓడి ప్లేఆఫ్‌కు వెళ్లిన ఈ జట్టు, 2007 డ్రాఫ్ట్‌లో వేరే జట్టుతో పిక్‌లు మార్చుకుని 25వ స్థానం నుంచి 14కు ఎగబాకి మరీ డారెల్ రీవిస్‌ను తీసుకుంది. గమనించండి, అప్పటికి అది చెడ్డ జట్టు కాదు. 2009లో కోచ్ రెక్స్ రయాన్ వచ్చి, ప్రత్యర్థి జట్టులో అందరికంటే ప్రమాదకరమైన రిసీవర్‌ను రీవిస్ ఒక్కడికి అప్పగించి మిగతావాళ్లలో వీలైనంతమందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉసిగొల్పాడు. ఆ చివర ఒంటరిగా చిక్కిన రిసీవర్లకు బంతి అందేది కాదు గనుక జనం దాన్ని 'రీవిస్ ఐలాండ్' అన్నారు. ఆ సీజన్లోనూ, తర్వాతి సీజన్లోనూ జెట్స్ సూపర్ బౌల్‌కు ఒక్క మ్యాచ్ దూరం దాకా వెళ్లింది. 2012లో రీవిస్ మోకాలు దెబ్బతింది, 2013లో టాంపాకు ఇచ్చేశారు. ఉంగరం మాత్రం 2014లో న్యూ ఇంగ్లండ్‌తో వచ్చింది. ఆ ఫైనల్‌ను గెలిపించిన ఇంటర్‌సెప్షన్ అసలు డ్రాఫ్ట్‌లోనే ఎవరూ తీసుకోని మాల్కం బట్లర్‌ది! డ్రాఫ్ట్ నిపుణులమని చెప్పుకునేవాళ్లు ఆ రాత్రి ఎలా పడుకున్నారో.

రీవిస్‌ను వదిలిన ఆ వసంతంలోనే జెట్స్ తొమ్మిదో పిక్‌తో డీ మిలినర్ అనే ఇంకో కార్నర్‌ను తీసుకుంది. మరుసటి ఏడాది అతని మడమ స్నాయువు (అకిలిస్ టెండన్) తెగింది, మూడు సీజన్లకే కథ ముగిసింది. డెట్రాయిట్ ఇదే పొరపాటును ఇంకా ఖరీదుగా చేసింది. 2020 మార్చిలో అనుభవమున్న కార్నర్ డేరియస్ స్లేను ఫిలడెల్ఫియాకు ఇచ్చేసి, మరుసటి నెలలోనే మూడో పిక్‌తో ఒకూడాను తెచ్చుకుంది. అతనికి మొదటి ఏడు సర్జరీ, రెండో ఏడు మొదటి మ్యాచ్‌లోనే మడమ స్నాయువు తెగింది. 2023లో అయిదో రౌండ్ పిక్ ఒక్కటి తీసుకుని అట్లాంటాకు సాగనంపారు. ఈ పనిలో శరీరం కాస్త తగ్గినా తెలిసిపోతుంది.

ఇక పై పిక్ వద్దనడానికి రెండో వాదన: మంచి కార్నర్లు కింద రౌండ్లలోనూ దొరుకుతారు, కావలసింది నేర్పే కోచ్. సియాటిల్ 2011లో అయిదో రౌండ్‌లో రిచర్డ్ షెర్మన్‌ను, ఆరో రౌండ్‌లో బైరన్ మాక్స్‌వెల్‌ను తీసుకుంది, కెనడా లీగ్ నుంచి బ్రాండన్ బ్రౌనర్‌ను తెచ్చింది. పొడుగు చేతులున్నవాళ్లను వెతికి తనకు కావలసినట్టు మలుచుకుంది. 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌ను 43-8తో మట్టికరిపించింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉండే తెలుగువాళ్లను అడిగితే తమ ఊరి జట్టు కౌబాయ్స్ సంగతి చెబుతారు: 2012లో పైకి ఎగబాకి ఆరో పిక్‌తో తీసుకున్న మారిస్ క్లైబోర్న్ పెద్దగా అక్కరకు రాలేదు. రెండో రౌండ్ ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. అయిదో రౌండ్ డరాన్ బ్లాండ్ 2023లో పట్టినవాటిలో అయిదింటిని ఆరేసి పాయింట్ల టచ్‌డౌన్లు చేసి రికార్డు కొట్టాడు.

ఫిలడెల్ఫియా అయితే 2002లో లీటో షెపర్డ్ తర్వాత 22 ఏళ్లపాటు మొదటి రౌండ్‌లో కార్నర్ ముఖమే చూడలేదు. 2018 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వాళ్ల మీద ఏకంగా 505 గజాలు విసిరాడు. అయినా గెలిచింది ఈగల్సే, ఎందుకంటే ఆట చివర్లో బ్రాండన్ గ్రాహం బ్రేడీ చేతిలోంచి బంతిని కొట్టేశాడు. అంతవరకూ ఆ మ్యాచ్‌లో ఎవరూ బ్రేడీని పడేయలేదు. 2024లో మాత్రం మనసు మార్చుకుని 22వ పిక్‌తో క్విన్యన్ మిచెల్‌ను, రెండో రౌండ్ 40వ పిక్‌తో కూపర్ డీజీన్‌ను తీసుకున్నారు. 2025 ఫిబ్రవరి 9న కాన్సాస్ సిటీతో ఫైనల్. ముందు వరసవాళ్లు తరుముతుంటే కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ కుడివైపు పరిగెత్తుతూ మధ్యలోకి ఒక బంతి వదిలాడు. డీజీన్ దాని ముందుకు ఉరికి పట్టుకుని 38 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు. ఈ ఆటను కార్నర్ గొప్పతనానికి సాక్ష్యంగా చూపించేవాళ్లు, ఆ రోజు మహోమ్స్‌ను ఆరుసార్లు పడేసిన ముందు వరస సంగతి మర్చిపోతుంటారు.

మొదటి రౌండ్ అడుగున తీసుకున్న కార్నర్లు సొంత జట్టుతోనే గెలవడం కొత్తేమీ కాదు. అప్పటి చాంపియన్ వాషింగ్టన్ 1983లో మొదటి రౌండ్ ఆఖరి పిక్‌తో, అంటే 28వది, డారెల్ గ్రీన్‌ను తీసుకుంది. 20 సీజన్లు అక్కడే ఆడాడు, రెండు కప్పులు గెలిచాడు. పై పిక్‌లలో మినహాయింపు కావాలంటే బాల్టిమోర్ ఉంది: వరసగా 1998లో, 1999లో పదో పిక్‌తో డువేన్ స్టార్క్స్‌ను, క్రిస్ మెకాలిస్టర్‌ను తీసుకుని 2001 జనవరిలో గెలిచింది. అయితే అప్పటికే ఆ డిఫెన్స్ నడుమ రే లూయిస్ లాంటి మేటి ఆటగాడు ఉన్నాడు.

డబ్బు లెక్క కూడా ఒకసారి మారింది. 2010 దాకా మొదటి పిక్ జీతాలకు అంతగా హద్దు ఉండేది కాదు. ఆ ఏడు మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందం 7.8 కోట్ల డాలర్లు. 2011లో కొత్త ఒప్పందం కుదిరి కామ్ న్యూటన్‌కు వచ్చింది 2.2 కోట్లు. దాంతో పై పిక్ కార్నర్ నాలుగేళ్లపాటు చవక సరుకయ్యాడు. అయిదో ఏట మాత్రం బిల్లు చేతికొస్తుంది. 2021 సీజన్లో 4 గెలిచి 13 ఓడిన రెండు జట్లు 2022 డ్రాఫ్ట్‌లో వరసగా రెండు కార్నర్లు తీసుకున్నాయి: హ్యూస్టన్ మూడో పిక్‌తో స్టింగ్లీని, జెట్స్ నాలుగో పిక్‌తో సాస్ గార్డనర్‌ను. గార్డనర్ మొదటి ఏడే లీగ్‌లోకెల్లా ఉత్తమ కార్నర్లలో నిలిచాడు. కానీ హ్యూస్టన్ మరుసటి ఏడు క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌నూ పాస్ రషర్ విల్ ఆండర్సన్‌నూ తెచ్చుకుంది. 2023లో, 2024లో డివిజన్ గెలిచింది. జెట్స్‌కు క్వార్టర్‌బ్యాక్ కుదరలేదు. 2025 జులైలో గార్డనర్‌కు 12 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం రాసిచ్చారు. నవంబరులో ఇండియానాపొలిస్‌కు పంపేసి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రిసీవర్‌ను తీసుకున్నారు. కోల్ట్స్ అప్పుడు 7-2తో వెలిగిపోతోంది. డిసెంబరులో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మడమ స్నాయువు తెగింది, ప్లేఆఫ్ దక్కలేదు.

అదే సీజన్లో కప్పు గెలిచిన సియాటిల్‌లో డెవన్ విదర్‌స్పూన్ ఉన్నాడు, 2023లో అయిదో పిక్‌తో తీసుకున్న కార్నర్. పై పిక్ కార్నర్ సొంత జట్టుతోనే గెలిచాడు కదా అని వాదించేవాళ్లకు ఇప్పుడు దొరికిన పేరు ఇది. కాకపోతే ఆ అయిదో పిక్ సియాటిల్ ఓడి సంపాదించుకున్నది కాదు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను ఇచ్చినప్పుడు బదులుగా డెన్వర్ నుంచి వచ్చింది. ఓడింది డెన్వర్. సియాటిల్ ఆ ఏడు ప్లేఆఫ్ ఆడింది.