5893 నంబరు ఫెరారీ: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

2025 ఫిబ్రవరి 5న పారిస్‌లో జరిగిన వేలంలో ఒక ఫెరారీ కారు 3 కోట్ల 48 లక్షల 80 వేల యూరోలు పలికింది. అరవయ్యేళ్ళ నాటి పాత కారుకు అంత డబ్బు ఎవరు పోస్తారు, ఎందుకు పోస్తారు అని మీరడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ రకం కారును 250 ఎల్ఎం అంటారు. అలాంటివి మొత్తం 32 మాత్రమే తయారయ్యాయి. అయితే ఈ ధర వాటిలో ఒకే ఒక్కదానికి, ఛాసిస్ (కారు చట్రం) మీద 5893 అని అంకెలు కొట్టి ఉన్న కారుకు వచ్చింది. ఆ నాలుగంకెల వెనక ఉన్న చరిత్ర తెలిస్తేనే ఆ ధర ఎందుకో అర్థమవుతుంది.

ముందుగా ఆ సంఖ్యనే చూడండి. ఆ రోజుల్లో ఫెరారీ కంపెనీ అచ్చంగా పందేల కోసం కట్టిన కార్లకు సరిసంఖ్యలు, రోడ్డు మీద తిరిగే కార్లకూ వాటి నుంచి పుట్టిన జీటీ (గ్రాండ్ టూరింగ్) తరగతి కార్లకూ బేసిసంఖ్యలు వేసేది. డ్రైవరు వీపు వెనకే 12 సిలిండర్ల ఇంజను, దాదాపు 320 హార్స్‌పవర్ బలం, నేలకు అంటుకుపోయినట్టుండే ఒళ్ళు ఉన్న ఈ కారును చూసినవారెవరూ ఇది పందెపు కారు కాదనరు. అయినా దీనికి బేసిసంఖ్యే పడింది, ఎందుకంటే కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ దీన్ని జీటీగానే ఒప్పించాలని పట్టుబట్టాడు. పేరులోని 250 కూడా ఆ పట్టుదలలో భాగమే. ఫెరారీ లెక్క ప్రకారం ఆ అంకె ఒక్కో సిలిండరు ఘనపరిమాణాన్ని సీసీల్లో చెప్పాలి. 3.3 లీటర్ల ఇంజనుకు 275 అని ఉండవలసింది. తమ పాత జీటీ కారైన 250 జీటీవోకు ఇది కొనసాగింపే అని చెప్పడానికి 250నే ఉంచారు.

జీటీ అనిపించుకోవాలంటే 100 కార్లు కట్టి చూపాలన్నది నిబంధన. అన్ని లేవని మోటారు పందేల అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. తన దేశపు మోటారు సంఘం తన పక్షాన నిలబడలేదన్న కోపంతో ఎంజో తన ఇటలీ రేసింగ్ లైసెన్సును వదులుకున్నాడు. 1964 ఫార్ములా వన్ చివరి రెండు పందేల్లో ఫెరారీలు తమ ఎరుపును విడిచి, నీలం తెలుపు రంగుల్లో దిగాయి. ఫెరారీ డ్రైవరు జాన్ సర్టీస్ మెక్సికోలో ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ రంగుల కారులోనే. ఆ రంగులు అమెరికాలోని నార్త్ అమెరికన్ రేసింగ్ టీమ్‌వి. దాని యజమాని లూయిజీ కినెట్టి. మన 5893ను కొత్తగా కొనుక్కున్నదీ ఆయన జట్టే.

కినెట్టి కేవలం వ్యాపారి కాడు. ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల పందేన్ని డ్రైవరుగా 1932, 1934, 1949లలో గెలిచినవాడు. 1949లో అక్కడ ఫెరారీకి తొలి విజయం తెచ్చింది ఆయనే, అదీ దాదాపు పందెం పొడుగునా తానే నడిపి. అటువంటివాడు 1965 జూన్ 19న అదే పందేనికి 5893 మీద 21వ నంబరు వేయించి దింపాడు. డ్రైవర్లలో ఒకరు దళసరి కళ్ళద్దాలు పెట్టుకునే అమెరికన్ మాస్టెన్ గ్రెగరీ, రెండోవాడు ఆస్ట్రియాకు చెందిన కుర్రవాడు యోకెన్ రింట్.

ఈ కారు గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. పోటీ అంతా ఫెరారీ కంపెనీ సొంత కార్లకూ అమెరికా కంపెనీ ఫోర్డ్ దింపిన జీటీ40 కార్లకూ మధ్యనే అని అందరి అంచనా. పైగా తొలి గంటల్లోనే ఇగ్నిషన్ (ఇంజనులో ఇంధనాన్ని రగిలించే ఏర్పాటు) పాడై 5893 చాలాసేపు పిట్‌లో, అంటే కార్లను బాగుచేసే చోట, నిలిచిపోయింది. ఇక పని అయిపోయిందనుకుని రింట్ మామూలు బట్టలు కూడా మార్చేసుకున్నాడు. కారు ఎలాగూ నిలవదు, ఉన్నంతసేపూ గట్టిగా తోలేద్దాం అని ఇద్దరూ తెగించారు. ఆ తరువాత జరిగింది నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరని ఘట్టం. ఫోర్డ్ జీటీ40లు అర్ధరాత్రి లోపే ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఫెరారీ కంపెనీ కార్లకు బ్రేకు డిస్కులు పగుళ్ళిచ్చాయి. చివరికి ముందున్నది బెల్జియం వారి పసుపురంగు 250 ఎల్ఎం ఒక్కటే. దాని వెనక టైరు పేలి, పక్కనున్న రేకును చీల్చేసింది. అది బాగుచేయించుకుని వచ్చేలోగా 5893 ముందుకు వెళ్ళిపోయింది.

అప్పటికి దాని డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచే భాగం) కూడా అరిగిపోతోంది. గ్రెగరీ మలుపు వచ్చినప్పుడల్లా క్లచ్ నొక్కి, ఇంజను బలం చక్రాలకు అందకుండా చేసి, కారును దాని ఊపుమీదనే తిరగనిచ్చి, దారి తిన్నగా అయ్యాక మెల్లగా క్లచ్ వదిలేవాడు. ఇరవై నాలుగు గంటలు ముగిసేసరికి వారు తిరిగింది 348 చుట్లు, అంటే 4,677 కిలోమీటర్లు. శ్రీనగర్ నుంచి మన హైదరాబాదు మీదుగా కన్యాకుమారి చేరే 44వ నంబరు జాతీయ రహదారి కూడా అంత పొడవు లేదు.

ఈ గెలుపులో ఒక చిక్కు మిగిలింది. ఆ రాత్రి కొంతసేపు కారు నడిపింది తానేనని రిజర్వు డ్రైవరు ఎడ్ హ్యూగస్ తరువాతి కాలంలో ఒక ఉత్తరంలో రాశాడు. నిర్వాహకుల పుస్తకంలో మాత్రం ఇద్దరి పేర్లే ఉన్నాయి. నా మటుకు నేను హ్యూగస్ మాటను కొట్టిపారేయలేను, అలాగని రికార్డును దిద్దడానికి ఆ ఉత్తరం ఒక్కటే చాలదు.

గెలిచిన కారును కినెట్టి గాజుపెట్టెలో పెట్టలేదు. అమెరికాలోని డేటోనా 24 గంటల పందేనికీ, మళ్ళీ ల మాన్‌కూ పంపుతూనే వచ్చాడు. 1969 ల మాన్‌లో, కొత్త కార్ల మధ్య, అది ఎనిమిదో స్థానంలో నిలిచింది. 1970లో ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే మ్యూజియానికి చేరి, యాభై ఏళ్ళకు పైగా అక్కడే ఉంది. మ్యూజియం తన విస్తరణకూ భవిష్యత్తు అవసరాలకూ నిధుల కోసం కొన్ని కార్లను అమ్మదలచినప్పుడు ఇది బయటికి వచ్చింది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పందెపు కార్లు సాధారణంగా చేతులు మారుతూ, గుద్దుకుంటూ, ఒకచోట ఇంజను, మరోచోట బాడీ పోగొట్టుకుంటూ బతుకుతాయి. కొన్నిటి విషయంలో అసలు కారు ఏదో తేల్చడానికే కోర్టులకు ఎక్కవలసి వస్తుంది. 5893కు ఆ బెడద లేదు. ఒక రేసింగ్ జట్టు, తరువాత ఒక మ్యూజియం. మధ్యలో గల్లంతైన ఏళ్ళు లేవు. 1965లో ల మాన్ ముగింపు గీతను మొదట దాటిన కారు ఇదేనని వేలు పెట్టి చూపవచ్చు. కొన్నవారు ఆ నిశ్చయానికే డబ్బు చెల్లించారని నా అభిప్రాయం.

ఆ గెలుపు తరువాత ల మాన్‌లో ఫెరారీ మళ్ళీ మొదటి స్థానానికి రావడానికి 58 ఏళ్ళు పట్టింది. 2023, 2024లలో కంపెనీ పక్షాన దిగిన కార్లే గెలిచాయి. 2025 జూన్‌లో, అంటే 5893 అమ్ముడైన నాలుగు నెలలకు, అక్కడ గెలిచింది 83వ నంబరు పసుపురంగు ఫెరారీ. కినెట్టి కారులాగే అదీ కంపెనీ తన పేరున దింపినది కాదు, ప్రైవేటుగా పందెంలోకి దిగినదే.

ఇట్లు,
మీ తాతయ్య