ఏడో తరగతి ఉష్ణం పాఠం, వైజాగ్ గాలి

ఈ టర్మ్‌లో ఏడో తరగతి పిల్లలు సైన్స్‌లో ఉష్ణం పాఠం చదువుతున్నారు. వహనం, సంవహనం, వికిరణం, వాటి మధ్య తేడాలు, చివర్లో సముద్ర పవనం, భూపవనం బొమ్మ. పగలు సముద్రం నుంచి నేల మీదకి ఒక బాణం, రాత్రి నేల నుంచి సముద్రం మీదకి ఇంకో బాణం గీస్తే మార్కులు వచ్చేస్తాయి. వైజాగ్‌లో కూడా ఈ పాఠాన్ని అంతటితో ముగించేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ బొమ్మలో ఉన్న గాలి ఇక్కడి పిల్లలకి రోజూ ఒంటికి తగులుతూనే ఉంటుంది.

మే నెల మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో పొడి ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, పైపొర 50 డిగ్రీలు దాటిపోతుంది. పక్కనే ఉన్న నీళ్లు మాత్రం 28, 30 దగ్గరే ఉంటాయి. ఎండ రెండింటి మీదా ఒకటే. కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 4,200 జౌళ్ల ఉష్ణం కావాలి, కిలో పొడి ఇసుకకి 800 చాలు. పైగా ఎండ నీటిలో లోతుకి దిగుతుంది, అలలు ఆ వేడిని కిందకీ పైకీ కలిపేస్తాయి, ఆవిరయ్యే నీరు కొంత వేడిని పట్టుకుపోతుంది. ఇసుకలో ఇవేవీ జరగవు కాబట్టి వేడంతా పైనే నిలిచిపోతుంది. జానెడు లోతు తవ్వి చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, ఇది పిల్లల చేత తప్పకుండా చేయించాల్సిన పని. థర్మామీటర్ పెట్టి చూస్తే ఇంకా మంచిది, కాకపోతే ల్యాబ్‌ది వాడాలి, జ్వరం చూసేది 42 డిగ్రీలతో ఆగిపోతుంది.

వేడెక్కిన నేల మీద గాలి వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది. అక్కడ ఖాళీ ఏర్పడి సముద్రపు గాలి వచ్చి నింపుతుందని చాలామంది చెప్పేస్తారు గానీ నిజానికి ఖాళీ ఏమీ ఉండదు, నేల మీద పీడనం కొద్దిగా తగ్గుతుంది, సముద్రం మీద ఎక్కువగా ఉంటుంది, గాలి అటు నుంచి ఇటు కదులుతుంది, అంతే. ఎనిమిదో తరగతిలో పీడనం పాఠం వచ్చినప్పుడు ఈ ముక్క గుర్తుంటే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఎలా కుదిపేసిందో అర్థం చేసుకోవడం తేలికవుతుంది, అక్కడా గాలిని కదిలించింది పీడనంలో తేడానే.

వైజాగ్‌లో వాతావరణ శాఖ ఉష్ణోగ్రతని రెండు చోట్ల కొలుస్తుంది, సముద్రానికి దగ్గరగా వాల్తేరులో ఒకటి, లోపలికి ఎయిర్‌పోర్టు దగ్గర ఒకటి. సముద్రపు గాలి ముందు వాల్తేరుకే తగులుతుంది కాబట్టి వేసవిలో చాలా రోజులు ఎయిర్‌పోర్టు దగ్గరే వేడి ఎక్కువ. ఈ రెండు అంకెలనీ రోజూ నోట్‌బుక్‌లో రాయిస్తే బొమ్మలోని బాణం పిల్లల కళ్లెదుటే కదులుతుంది. వాల్తేరులో కూడా బాగా మండిపోయిన రోజు ఒకటి వస్తుంది చూడండి, ఆ రోజు గాలి ఎటు నుంచి వచ్చిందో అడగాలి. సాధారణంగా పడమటి గాలే అయ్యుంటుంది. లోపలి నుంచి వచ్చే ఆ వేడి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు, పది పదకొండు గంటలకి రావాల్సింది మధ్యాహ్నం దాకా రాదు, ఒక్కోసారి అసలే రాదు. సముద్రం పక్కనే ఉన్నా వడగాలులు ఎందుకు తప్పవంటే కారణం ఇదే.

ఇంకో సంగతి పుస్తకంలో దొరకదు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. మార్చి నుంచి మే దాకా నైరుతి గాలి దాదాపు తీరం వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో సముద్రపు పై నీరు గాలి వీచే దిశకి కుడివైపు జరుగుతుంది, మనకి ఆ కుడివైపు అంటే బంగాళాఖాతం లోపలికే. అలా జరిగిన నీటి స్థానంలోకి కింది పొరల నుంచి చల్లని నీరు పైకొస్తుంది, దాంతో పాటు పోషకాలూ వస్తాయి, వాటితో ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, పెరుగుతాయి, వాటిని తినే చేపలకి అదే మేత. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడివాళ్లతో కలిసి దీన్ని కొలిచి చూశారు. అంటే ఎండ, గాలి, చేప అన్నీ ఒకే పాఠంలోకి వస్తాయి.

భూపవనం సముద్ర పవనమంత గట్టిగా వీయదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇంజన్లు రాకముందు జాలర్లు మాత్రం దాన్నే నమ్ముకున్నారు, తెల్లవారుజామున నేల గాలికి తెరచాప ఎత్తి సముద్రంలోకి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకి చేరేవాళ్లు. ఆ నోట్‌బుక్‌ని డిసెంబర్, జనవరి దాకా కొనసాగిస్తే రాత్రి అంకెల్లో ఆ నేల గాలికి కారణం కనిపిస్తుంది. పగటి వేడిని నేల త్వరగా వదిలేస్తుంది, నీరు మెల్లగా వదులుతుంది, కాబట్టి వేసవి పగలు ఎక్కువ మండిన ఎయిర్‌పోర్టే చలికాలం తెల్లవారుజామున వాల్తేరు కన్నా చల్లగా ఉంటుంది.